చలికి బయటపడిన గరిక

చెంగల్రాయుడు గారిని ఏదైనా అడగాలంటే చేతులు ఖాళీగా ఉంచుకుని వెళ్ళాలి. ఆయన దగ్గర జవాబు కంటే ముందు పనిముట్టు వస్తుంది. గడ్డి ఎందుకు పాలిపోయిందని అడిగినవాడి చేతికి పార వచ్చేది. నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయని అడిగినవాడికి గడ్డపార, దాంతోపాటు రెండు రోజుల నడుంనొప్పి. మదనపల్లె దాటాక గుట్టల మధ్య ఉన్న మా గుర్రంగుట్ట గోల్ఫ్ మైదానంలో ఆయన నలభై ఏళ్ళు గడ్డి పెంచారు. పనివాళ్ళందరూ ఆయన్ని అయ్యోరు అనేవారు. మా వైపు బడిపంతుల్ని అలా పిలుస్తారు. ఆయన మాత్రం అయిదో తరగతి దాటలేదు. ఇంగ్లీషులో గడ్డి గురించి చదువుకొచ్చినవాళ్ళు కూడా ఆయన ముందు చెప్పులు విడిచి నిలబడటం నేను కళ్ళారా చూశాను.

నేను ఆ క్లబ్బులో పన్నెండేళ్ళు గుమస్తాగా ఉన్నాను. గోల్ఫు ఏనాడూ ఆడలేదు. కర్రతో బంతిని దూరంగా కొట్టి, మళ్ళీ దాన్ని వెతుక్కుంటూ మైళ్ళు నడవడంలో ఉన్న ఆనందం ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కానీ రోజూ తెల్లవారాక అయ్యోరి వెంట మైదానమంతా తిరగడం నా ఉద్యోగంలో భాగం. మైదానంలో పద్దెనిమిది చోట్ల బంతి పడే గుంట, దాని పక్కన జెండా ఉంటాయి. గుంట చుట్టూ చాపలా నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. ఒకే చోట అందరూ తొక్కితే గడ్డి చస్తుంది గనక గ్రీన్‌లో గుంటను రోజూ వేరే చోటికి మారుస్తారు. ఆ రోజు గుంట ముందుందా, వెనకుందా, కుడి మూలనా, ఎడమ మూలనా అని నోటు పుస్తకంలో రాసుకుని, వరండాలోని బోర్డు మీదికి ఎక్కించడం నా పని.

ఆ గడ్డి మరేదో కాదు, మన గరికే. వినాయకుడికి వేసే గరికకు కాస్త నాజూకైన చుట్టం. ఎండాకాలంలోనూ వానల్లోనూ దాన్ని పట్టుకోలేం. ఏ గాయం చేసినా నెల తిరిగేసరికి పాకి కప్పేస్తుంది. చలి మొదలైతే మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అందుకే మా దగ్గర మరమ్మతులకు ఒక వరస ఉండేది. బంతికి అడ్డంగా తవ్వి ఉంచి, కార్తీకం వానలకు కొట్టుకుపోయిన ఇసుక గుంటలు నింపడం, కాలవల్లో పూడిక తీయడం, మిషన్ల కత్తులు నూరడం, వంగిన జెండా కర్రలు సరిచేయడం, ఇవన్నీ డిసెంబరులో చేసేవారు. గ్రీన్ మీద గడ్డిని మాత్రం ఆ కాలంలో ఎవరూ తవ్వకూడదు. తవ్వితే ఆ అతుకు మార్చి దాకా కలవదు. రోజూ గుంట మార్చడం, పొద్దున్నే పొడవాటి వెదురు బద్దతో గడ్డి మీద మంచు దులిపి, తెగులు రాకుండా చూసుకోవడం తప్ప గ్రీన్‌ను అలా వదిలేయాలన్నది అయ్యోరు పెట్టిన కట్టడి.

ఆ సంవత్సరం డిసెంబరు మూడో వారంలో చలి ఒక్కసారిగా ముదిరింది. నాలుగో గ్రీన్ మీద ఎర్రటి చార ఒకటి తేలింది. జానెడు వెడల్పు, ఆరడుగుల పొడవు. మనిషి పడుకున్నంత ఉంటుంది. చుట్టూ గడ్డి పచ్చగానే ఉంది. జనవరి మొదట్లో పెద్ద పోటీ. క్లబ్బు కెప్టెన్ విశ్వంభర రెడ్డి గారికి ఆ చారను చూడగానే ఒళ్ళు మండిపోయింది. కెప్టెనంటే మిలిటరీ ఆయన కాదు; ఆటగాళ్ళు ఏడాదికొకరిని ఎన్నుకునే పెద్ద. ఆయనకు టమోటా తోటలున్నాయి. నీళ్ళు తప్పిన మొక్క ఎలా ఎర్రబడుతుందో తనకు ఎవరూ చెప్పక్కర్లేదన్నారు. నీళ్ళు పట్టే ఓబులేసును వరండా ముందుకు పిలిపించి నలుగురిలో నిలబెట్టారు. ఓబులేసు తొమ్మిదేళ్ళుగా ఆ మైదానంలో పైపులు తిప్పుతున్నాడు. "నీళ్ళు పట్టినా సామీ, వరస తప్పలేదు" అన్న ఒక్క మాట తప్ప అతనికి మరొకటి రాలేదు. ఆ మాటే మూడుసార్లు అన్నాడు. అతన్ని పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం రాయమని నాకు చెప్పారు. శనివారం కమిటీ కూర్చుని సంతకాలు పెట్టాలి. ఆ ఉత్తరం నేనే రాశాను, తప్పుల్లేకుండా రాశాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అసలు జరిగింది నాకు తర్వాత తెలిసింది గానీ, మిమ్మల్ని తికమక పెట్టడం ఎందుకు, ఇప్పుడే చెబుతాను. అయ్యోరికి శిష్యురాలంటూ ఉంటే అది తస్లీమ్ ఒక్కతే. తోటల చదువు చదివి మూడేళ్ళ కిందట చేరింది. చురుకైన పిల్ల. జనవరిలో ఆమెను మైదానానికి సూపర్‌వైజరుగా వేసి అయ్యోరికి విశ్రాంతి ఇవ్వాలని కమిటీ అప్పటికే అనుకుంది. జూలైలో అయ్యోరు కంటి ఆపరేషనుకు వెళ్ళి నెలరోజులు రాలేదు. ఒక సోమవారం, క్లబ్బుకు సెలవు రోజు, ఆమె తానే మిషను నడుపుతూ నాలుగో గ్రీన్ కోస్తుండగా నూనె పైపు పగిలి సలసలా కాగే నూనె గడ్డి మీద చారలా కారిపోయింది. బయలుదేరే ముందు పైపు చూసుకోవడం నడిపేవాళ్ళ పని. ఆమె చూసుకోలేదు. చుట్టూ ఎవరూ లేరు. నూనె తాగిన మట్టిని ఆ మధ్యాహ్నమే ఒక్కతే తవ్వి పారేసింది. షెడ్డు వెనక ఇలాంటి అవసరాలకే గడ్డి పెంచే మడులు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి గ్రీన్లకు వేసే సన్న గరిక, రెండోది బయటి మైదానానికి వేసే పాత మోటు గరిక. పొట్టిగా కత్తిరించి ఉంటే వానాకాలంలో రెండూ ఒకలాగే ఉంటాయి. కంగారులో ఆమె పాత మడిలోంచి పలకలు కోసి తెచ్చి పరిచింది. నెల తిరగకముందే అతుకు కలిసిపోయింది. అయ్యోరు తిరిగి వచ్చి నాలుగో గ్రీన్ మీదుగా నడిచి వెళ్ళారు, ఏమీ అనలేదు. వేళ్ళతో విడదీసి చూడకపోతే ఆ రెండు గరికల మధ్య తేడా చలిలో గాని బయటపడదు. మోటు గరిక చలికి ఎర్రబారుతుంది.

ఉత్తరం రాసిన రోజు సాయంత్రం మనసు ఆగక నేను అయ్యోరి దగ్గరికి వెళ్ళాను. అది నీళ్ళ తప్పేనా అని అడిగాను. ఆయన మిషను కత్తి నూరుతూ తల ఎత్తలేదు.

"శనారం ఇంకా రాలేదు గదా శేషాద్రీ. చెప్పాల్సినోళ్ళు అంతలోపల చెప్తే సరి. లేకుంటే నేనే వచ్చి చెప్తా" అన్నారు. ఆ ఆకురాయి నా చేతిలోకి రాకముందే నేను అక్కడినుంచి బయటపడ్డాను.

బుధవారం తెల్లవారాక నేనూ అయ్యోరూ తస్లీమూ తొమ్మిదో గ్రీన్ దగ్గర ఉన్నాం. తస్లీమ్ వెదురు బద్దతో మంచు దులుపుతోంది. రెండు రోజులుగా ఆ పిల్ల ముఖంలో కళ లేదు. ఓబులేసు ఎదురుపడితే దారి మార్చుకోవడం నేనూ గమనించాను, చలి వల్ల అనుకున్నాను. నాకు అంతవరకే బుర్ర. ఉన్నట్టుండి ఆమె బద్ద ఆపింది.

"అయ్యోరూ, మానిపోయిన దాన్ని మళ్ళీ తవ్వాలా? నాలుగో గ్రీన్‌కు పచ్చ రంగు చల్లమంటా ఉండారు కెప్టెన్ సారు. టిన్ను కూడా తెప్పించినారు. రంగు చల్లితే మార్చి దాకా కనపడదు. మార్చిలో అదే కమ్మేస్తాది."

అటువంటి రంగు నిజంగానే ఉంటుంది. గడ్డికి హాని చేయదు, వారాల తరబడి పచ్చగా చూపిస్తుంది. అయ్యోరు ఆమె వైపు చూసి, నా వైపు చూసి, గుంట తీసే గొట్టం ఆమె చేతికి ఇచ్చారు. గుండ్రటి అంచు ఉన్న ఇనప గొట్టం అది. గ్రీన్‌లో దింపి తిప్పి లాగితే గడ్డితో సహా జానెడు లోతు మట్టి ముద్దలా పైకి వస్తుంది. అక్కడ కొత్త గుంట ఏర్పడుతుంది. ఆ ముద్దతో నిన్నటి గుంటను పూడుస్తారు.

"పద్నాలుగులో గుంట మారుద్దాం రా" అన్నారు.

పద్నాలుగో గ్రీన్ వెనక ఎడమ మూలన చేటంత ఎర్ర మచ్చ ఒకటి ఉంది. చలికాలమంతా ఉండేది గనక నేను దాన్ని ఆ గ్రీన్ రంగే అనుకునేవాణ్ణి. అయ్యోరు కర్రతో ఆ మచ్చ నడిమధ్యన చూపించారు. "ఈడ తియ్యి."

"ఇక్కడా? ఆటగాళ్ళు తిట్టుకుంటారు అయ్యోరూ."

"ఇరవై ఆరేండ్లుగా ఎవురూ తిట్టుకోకుండా చూసుకున్యా. ఈ ఒక్క దినం తిట్టుకోనీ."

ఎక్కడ గుంట పెట్టారో రాసుకోవడానికి పుస్తకం తెరిచిన నేను ఆ మాటకు ఆగిపోయాను. వెనక పేజీలు తిప్పాను. నా పుస్తకాల్లో పద్నాలుగో గ్రీన్‌కు వెనక ఎడమ మూల అన్న మాట రాసినట్టు గుర్తులేదు. అన్నేళ్ళుగా రోజూ రాస్తున్నాను, ఆ మూల ఒక్కసారీ రాయలేదు. రాయలేదన్న సంగతి కూడా ఎప్పుడూ తోచలేదు.

తస్లీమ్ గొట్టం దింపి, తిప్పి, లాగింది. ముద్ద బయటికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వేళ్ళతో గడ్డి విడదీసి చూసింది. ఆకు వెడల్పు చూసింది, కణుపు చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

"ఇది పాత మడి గరిక."

"ఊ. నిన్నటి గుంట పూడ్చు."

ఆమె నిన్నటి గుంట దగ్గరికి వెళ్ళి ముద్ద పట్టుకుని అలాగే నిలబడింది. అది పచ్చటి చోటు. ఎర్ర ముద్ద పెడితే దూరం నుంచి కూడా బొట్టులా కనబడుతుంది. "ఇక్కడ పెడితే ఇంకో మచ్చ అవుతాది గదా" అంది.

"అవుతాది. దాన్ని ఇంగ యాడ పెడతావు చెప్పు?"

ఆమె పెట్టింది. కాలితో అదిమింది.  తర్వాత ఆమె మెల్లగా, "ఇది ఎవురు చేసినారు అయ్యోరూ?" అంది.

"నేనే. కలుపు మందు డబ్బా మూత సరిగ్గా బిగించకుండా ఈడ పెట్టినా. ఒలికిపోయింది. తవ్వేసి వేరే గడ్డి తెచ్చి ఏసినా. నీ మాదిరే, పక్క మడిది. చలికి ఎర్రగా తేలినాక అప్పటి దొరలు నీళ్ళు పట్టేవాణ్ణి పట్టుకున్యారు. కదిరప్ప అని. వాణ్ణి పంపేసినారు. మళ్ళా యాడ ఉండాడో తెలీలేదు."

"మీరు చెప్పలేదా?"

ఆయన ఆ మచ్చ వైపు తిరిగారు. ఆపరేషను అయిన కన్ను చలికి నీళ్ళు కారుతోంది. చలికేనని అప్పుడు అనుకున్నాను.

"చెప్దామనే అనుకున్యా. పోటీ అయిపోనీ అనుకున్యా. ఆమీట చలి పోనీ అనుకున్యా. చలి పోయింది. గడ్డి కమ్మేసింది. పచ్చగా ఉండే చోటు చూపించి ఏమని చెప్పేదమ్మా?" అని, గొట్టం ఆమె దగ్గర్నుంచి తీసుకుని పదిహేనో గ్రీన్ వైపు నడిచారు. నేను పుస్తకంలో 'వెనక, ఎడమ మూల' అని రాసుకుని ఆయన వెనకే వెళ్ళాను. ఆ రోజు ఆటగాళ్ళు నిజంగానే తిట్టుకున్నారు.

శుక్రవారం పొద్దున తొమ్మిది గంటలకు నేను నా బల్ల దగ్గర ఉన్నాను. కెప్టెన్ గారు ఎదురుగా టీ తాగుతూ ఓబులేసు ఉత్తరం మరోసారి చదువుకుంటున్నారు. తస్లీమ్ లోపలికి వచ్చింది. చేతిలో తడి గోనెపట్టాలో ఏదో ఉంది. అది విప్పి, నాలుగో గ్రీన్‌లోంచి తీసిన మట్టిముద్దను ఆయన చేతిలోంచి బల్ల మీదికి దిగిన ఉత్తరం మీదే పెట్టింది. కావాలని పెట్టిందో, చోటు లేక పెట్టిందో నేను అడగలేదు.

"సార్, ఇది నీళ్ళు తప్పి ఎర్రబడింది కాదు. గరికే వేరే. జూలైలో మిషను నూనె కార్చింది నేను. ఈ గడ్డి ఏసింది నేను. ఓబులేసన్నకు దీంతో సంబంధం లేదు."

కెప్టెన్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్యావు?"

"కమ్మేసింది సార్. కమ్మేసినాక చెప్పబుద్ధి కాలేదు."

ఆయన కేకలు వేశారు. ఆయన కేకల్లో సగం ఇక్కడ రాయదగ్గవి కావు. పోటీకి పది రోజులు ఉండగానా అన్నారు, చదువుకున్నదానివి అన్నారు, ఆడపిల్లవని ఊరుకుంటున్నా అన్నారు. ఊరుకున్నది మాత్రం ఏమీ లేదు. చివరికి కేకలు అయిపోయాక, రంగు చల్లి పోటీ గట్టెక్కించమన్నారు. ఆమె చల్లనంది. ఆ చార తవ్వేసి సరైన గడ్డి వేస్తాననీ, పోటీ రోజు నాలుగో గ్రీన్‌కు తాడు కట్టి పక్కన తాత్కాలికంగా జెండా పెట్టిస్తాననీ చెప్పింది.  అయితే సూపర్‌వైజరు సంగతి ఈ ఏడాదికి మరిచిపొమ్మన్నారు ఆయన. సరేనంది. నేను మట్టంటిన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాను. పన్నెండేళ్ళ ఉద్యోగంలో అంత ఇష్టంగా చేసిన పని మరొకటి లేదు.

ఓబులేసుకు ఆమె స్వయంగా చెప్పడానికి పంపు షెడ్డుకు వెళ్ళింది. అతను పాదాలు పట్టుకుని మంచిదానివి తల్లీ అంటాడని మీరు ఎదురుచూస్తున్నారేమో. అతనికి బాగా కోపం వచ్చింది. "నాలుగు దినాలు నా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నా పెండ్లాం ముందర కూడా తలెత్తలేదు నేను. నువ్వు అన్నం ఎట్ల తిన్యావమ్మా?" అన్నాడు. 'తినలేదన్నా' అని ఆమె అనలేదు. నిజానికి తినలేదని నాకు తెలుసు, క్యాంటీనులో ఆమె పళ్ళెం నేను చూశాను. ఆమె తల వంచుకుని విని తిరిగి వచ్చింది.

ఆదివారం ఆమె నాలుగో గ్రీన్ మీద మోకాళ్ళ మీద కూర్చుని చార అంతా తవ్వింది. ఎండ బాగా వచ్చాక, అందరూ చూసే వేళలో, వరండా ఎదుట. ఈసారి మడి ముందు నిలబడి ఆకు తెంపి వెడల్పూ కణుపూ మరీ మరీ చూసుకుని పలకలు కోసింది. పరిచాక బాల్చీతో నీళ్ళు పోస్తుంటే వెనక పైపు ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. ఓబులేసు వచ్చాడు. ఆమె ముఖం చూడలేదు. "పక్కకు జరుగు. బాల్చీతో పోస్తే మట్టి కొట్టుకుపోతాది" అని, పైపు మూతికి వేలు అడ్డం పెట్టి సన్నటి జల్లుగా చార పొడవునా తడిపాడు. ఆ రోజు నుంచి రోజూ రెండు పూటలా తడిపాడు. ఆమెతో మామూలుగా మాట్లాడటానికి అతనికి మరో మూడు వారాలు పట్టింది.

పోటీ జరిగింది. నాలుగో గ్రీన్ తాడు వెనక ఉండిపోయింది. ఓడినవాళ్ళంతా దాన్నే తిట్టారు, గెలిచినాయన ఏమీ అనలేదు. అయ్యోరికి ఆ ఏడాది విశ్రాంతి దొరకలేదు. ఫిబ్రవరి నెలాఖరులో ఒకరోజు మేము నాలుగో గ్రీన్ చేరేసరికి ఓబులేసు అప్పుడే తడపడం ముగించి పైపు చుడుతున్నాడు. గడ్డి రంగు కలిసింది గానీ అతుకు గీత ఇంకా స్పష్టంగా ఉంది. అయ్యోరు చెప్పులు విడిచి మడమతో అంచు వెంబడి అదుముకుంటూ పోయి, ఎక్కడా లేవలేదని తలాడించారు. తస్లీమ్ ముఖంలో చాలా రోజుల తర్వాత కళ వచ్చింది. ఆ ఉత్సాహంలోనే అంది.

"అయ్యోరూ, పద్నాలుగో గ్రీన్‌లో మీది కూడా తీసేద్దాం. ఒక్క దినం పని. మీరు వంగొద్దు, నేను తవ్వుతా."

అయ్యోరు చెప్పులు తొడుక్కున్నారు. పైపు భుజాన వేసుకుని అయిదో గ్రీన్ వైపు వెళ్తున్న ఓబులేసును కనుమరుగయ్యే దాకా చూశారు.

"నువ్వు తవ్వితే ఓబులేసు వచ్చి నీళ్ళు పోసినాడు" అన్నారు. "నాది తవ్వితే ఎవురు పోయాలమ్మా?"